నిద్రపోయి లేవని చిప్

2025 ఎండాకాలం. సూర్యాపేటలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. చిప్‌లు డిజైన్ చేసే కంపెనీలో నేను టెక్నికల్ రైటర్‌ని. ఇంజనీర్లు తయారుచేసిన టూల్‌ను ఎలా వాడాలో రాసిపెట్టడం నా పని. మా బంధువులకు ఈ ఉద్యోగం ఏంటో ఇప్పటికీ అంతుపట్టలేదు. "ఇంట్లనే ఉంటవు గదా" అని పెళ్లిపనులన్నీ నాకే అంటగడతారు.

ఆ ఏడాది నా చేతికి ఒక సెర్చ్ టూల్ వచ్చింది. చిప్‌ను ముందు కోడ్‌గా రాస్తారు. ఏ వైరు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో ఆ కోడ్‌లో ఈ టూల్ వెతికిపెడుతుంది. అయితే దీన్ని వాడేది మనుషులు కాదు, ఏఐ ఏజెంట్లు. ఏజెంట్ అంటే, పని చెబితే ఏమేం చేయాలో తనే తేల్చుకుని చేసుకుపోయే ప్రోగ్రాం. నేను రాసిన పేజీని చదువుకునేది కూడా అదే. మనిషైతే అర్థం కాకపోతే ఫోన్ చేసి ప్రాణం తీస్తాడు. ఇది ఏమీ అడగదు. రాసింది నమ్ముకుని ముందుకు పోతుంది. మొదటి నుంచీ నాకు అదే గుబులు.

టూల్ తయారుచేసింది కోదాడ నుంచి పనిచేసే శ్రీనివాసరావు గారు. వెతికితే ఏమీ దొరక్కపోతే ఏం చూపిస్తుందని ఆయన్ని ముందే అడిగాను.

"ఏముందండీ, ఖాళీగా వస్తుంది. ఖాళీ అంటే లేదనే కదా. అది కూడా రాయాలా?" అని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పేజీ ఆ మాట లేకుండానే వెళ్లింది.

టూల్‌ను మొదట వాడి చూసింది యాదగిరి. మిర్యాలగూడలో ఉండే ఇంజనీర్. భార్య మాడుగులపల్లి బడిలో టీచర్. పెళ్లయ్యాక చాలాకాలం అతను హైదరాబాద్‌లో, ఆమె మిర్యాలగూడలో. బతిమాలి బతిమాలి ఇంటి నుంచి పనిచేయడానికి ఒప్పించుకున్నాడు. మేనేజర్ ఒక మెలిక పెట్టాడు. ఈ చిప్‌లో యాదగిరి వంతుకు వచ్చిన భాగం, అంటే అతని బ్లాక్, తేడా లేకుండా రావాలి. లేదంటే తిరిగి హైదరాబాద్.

టేప్ ఔట్, అంటే డిజైన్‌ను ఫ్యాక్టరీకి పంపే రోజు, దగ్గర పడింది. యాదగిరి హుషారుగా ఫోన్ చేశాడు.

"అక్కా, ఏజెంట్ మస్తు పని చేసింది. నా బ్లాక్‌ల వాడని వైర్లన్నీ తీసేసింది. టెస్టులన్నీ పాసయినయ్."

"వాడుతలేరని దానికెట్ల తెలిసింది?"

"సెర్చ్ చేసింది. ఏం దొరకలే. తీసేసింది."

ఫోన్ పెట్టేశాక ఒకచోట కూర్చోలేకపోయాను. చాయ్ పెట్టుకుని తాగడం మరిచాను. గదికీ గడపకీ మధ్య తిరుగుతుంటే మా ఆయన గుర్తొచ్చాడు. ఒక్క సొరుగు చూసి, బండి తాళం ఇంట్లోనే లేదని తేల్చేసే మనిషి. వెంటనే కోదాడకు ఫోన్ కలిపాను.

"మీ టూల్ ఎక్కడెక్కడ వెతుకుతుందండీ?"

"లోడ్ చేసిన కాన్ఫిగరేషన్‌లో."

ఒకే కోడ్‌తో చిప్‌ను రకరకాల అమరికల్లో తయారుచేస్తారు. ఒకదాంట్లో ఉన్న భాగాలు ఇంకోదాంట్లో ఉండవు. అలాంటి ఒక్కో అమరికా ఒక కాన్ఫిగరేషన్.

"మరి మిగతావి?"

"విడిగా లోడ్ చేసుకోవాలండీ. ఇంజనీర్లందరికీ తెలిసిందేగా!"

"చదివింది ఇంజనీర్ కాదండీ!" అని అరిచేశాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

యాదగిరి ఫోన్ ఎంతకీ కలవదు. చివరికి ఎత్తాడు. బ్యాటరీ ఆదా కోసం చిప్ నిద్రపోయే కాన్ఫిగరేషన్ ఒకటుంటుంది, ఏజెంట్ దాన్ని లోడ్ చేసిందా అని అడిగాను. లేదన్నాడు. పాసయిన టెస్టుల్లో ఆ నిద్ర టెస్టులు లేవు; వాటికి చాలాసేపు పడుతుందని విడిగా, అన్నిటికంటే ఆఖర్న నడుపుతారు.

"ఇప్పుడే నడుపుత అక్కా," అన్నాడు మెల్లగా.

కరెంటు పోయింది, వచ్చింది. నేను తిరుగుతూనే ఉన్నాను. సాయంత్రం అతనే చేశాడు.

"పండుకుంటుంది అక్కా, లేస్తలేదు. లేపే వైరే తీసేసింది. గిట్లనే ఫ్యాక్టరీకి పోయుంటే ఖతం. ఇగ మళ్ల నేను గాడ, ఆమె గీడ."

వైర్లన్నీ వెనక్కి పెట్టాడు. నేను పేజీలో కొత్త మాట చేర్చాను: ఖాళీగా వస్తే లోడ్ చేసిన కాన్ఫిగరేషన్‌లో లేదని మాత్రమే అర్థం, మిగతావి చూసేదాకా దేన్నీ తీసేయకూడదు. శ్రీనివాసరావు గారికి నచ్చలేదు.

"ఇలా రాస్తే టూల్‌లోనే లోపం ఉన్నట్టుంటదండీ."

"ఉన్నట్టుండనీయండి. యాదగిరి బ్లాక్ పోతే ఎవరిది లోపమని చెబుదాం?"

రెండోరోజు చూస్తే ఆయనే టూల్‌ను మార్చారు. ఇప్పుడు ఏమీ దొరక్కపోతే, ఎక్కడ వెతికిందో, ఎక్కడ వెతకలేదో కూడా చెబుతుంది. అదే ఏజెంట్‌కు అదే పని మళ్లీ ఇచ్చి చూశాం. ఆ వైరు దగ్గరికి రాగానే ఆగి, రెండో కాన్ఫిగరేషన్ లోడ్ చేయమంటారా అని అడిగింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆ తర్వాత "లేదు" అని ఎక్కడ రాయాల్సి వచ్చినా, ఎక్కడ చూసి లేదంటున్నానో కూడా రాస్తున్నాను. తిరిగి అడగని వాళ్లకు రాసేటప్పుడు వాళ్లు అడగాల్సింది మనమే అడగాలని ఆ చిప్ నేర్పింది. ఖాళీ స్క్రీన్ కనిపిస్తే మాత్రం ఇప్పటికీ కుదురుగా కూర్చోలేను.

చలికాలంలో చిప్‌లు ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. నిద్రపుచ్చి లేపే పరీక్ష కోసం యాదగిరి హైదరాబాద్ ల్యాబ్‌కు వెళ్లాడు. ఆ రోజు కూడా నా చాయ్ చల్లారిపోయింది. సాయంత్రం మెసేజ్ వచ్చింది.

"లేసింది అక్కా. మిర్యాలగూడ బస్సెక్కిన."