ఏ వరుసా లేని చిన్నవ్వ

చిన్నవ్వ పోయింది. బెంగళూరు యలహంక నుంచి ఆమె పక్కింటామె ఫోన్ చేసి "మీ అవ్వ ఇంక లేదప్పా" అన్నప్పుడు, ఊళ్లో ఉన్న మా అవ్వకే ఏమో అయిందనుకున్నాను. కాదని తెలిశాక ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది.

తాతకు బెంగళూరు బళేపేటలో గాజుల అంగడి ఉండేది. అవ్వా, పిల్లలూ మదనపల్లి దగ్గర ఊళ్లో. ఆయన మాత్రం ఇక్కడ చిన్నవ్వతో ఉన్నాడు, పోయేదాకా. తాళి కట్టలేదు. ఊళ్లో ఆమెను 'ఉంచుకున్నది' అనేవాళ్లు, అదీ గొంతు తగ్గించి. యలహంక వీధిలో ఆమె అంగడాయన భార్య. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. చిన్నవ్వ అన్న వరుస నేను కలుపుకున్నది. చదువుకోడానికి తాత దగ్గరికొచ్చి ఆమె ఇంట్లో దిగాను. జ్వరమొస్తే పక్కన కూర్చుని గంజి తాగించింది ఆమే.

తాత ఊరికి బయల్దేరితే చిన్నవ్వే సంచిలో అవ్వకని గాజులు పెట్టేది. అవి ఎవరు ఏరారో అవ్వకు తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. తాత పోయాక శవాన్ని ఊరికి తీసుకుపోయారు. ఆమెను రమ్మనలేదు. నేను తిరిగొచ్చేసరికి చేతులనిండా గాజులతో బియ్యం చెరుగుతోంది. నేను చూడటం గమనించి, "తాళి ఉంటే గదప్పా తెంపేది? గాజులు నావి. ఉండనీ" అంది.

మా ఆఫీసులో పెళ్లి కాకుండానే కలిసి ఉండేవాళ్ల గురించి ఒకసారి చిన్నవ్వకు చెప్పాను. ఇప్పుడెవరూ తప్పుపట్టరన్నాను. "వాళ్లు వద్దనుకుంటే లేచి పోతారు. నాకు పోయేదానికి చోటు యాడుండాది?" అంది. తాతంటే ఇష్టం లేదా అనడిగితే నవ్వేసి, "అది వేరేప్పా" అంది. ఆ మాట నాకు ఇంకా అర్థం కాలేదు.

చిన్నవ్వ దహనానికి నాన్న వస్తాడనుకోలేదు. ఆమె పేరు ఏనాడూ ఎత్తనివాడు పొద్దున బండికి కె.ఆర్.పురంలో దిగాడు. శ్మశానంలో పనిచేసేవాడు ఆమె మీకేమవుతుందని కన్నడంలో అడిగాడు. నాన్న "మా నాయన మనిషి" అని తెలుగులోనే చెప్పి, చొక్కా విప్పి ముందుకు నడిచాడు. తిరిగొచ్చేటప్పుడు తలకొరివి ఎందుకు పెట్టావని అడిగాను.

"తెలీదురా" అన్నాడు.

సాయంత్రం ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "మీ అవ్వకు చెప్తిమిరా. లేచి పోయి తలకు పోసుకునింది."

"మైలకా? పీడ పోయిందనా?"

"ఏమోరా. అడగాలంటే భయమైతాండాది."

"ఇప్పుడేం చేస్తాంది?"

వాకిట్లో కూర్చుందట. తువ్వాలిస్తే తీసుకోలేదట. నెరిసిన జుట్టు వీపంతా పరుచుకుని, రవిక మీదుగా నీళ్లు కారుతూనే ఉన్నాయట.