ఎడమ వరసలో బారువ దాకా

మా మేనత్త సముద్రం చూసి నాలుగేళ్లయింది. ఆవిడ పుట్టింది బారువలో, ఉండేది కవిటిలో. రెండింటికీ మధ్య పట్టుమని గంటన్నర దారి లేదు. కానీ ఈ ఊళ్లున్న ఉద్దానంలో ఎన్నో ఇళ్లలో లాగే ఆవిడకీ కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. కాసేపు కూర్చుంటే కాళ్లు వాచిపోతాయి, ఆటో కుదుపు అసలు పడదు. "సముద్రం ఎక్కడికీ పోదే సుజాతా, నానే పోతాను. బేగి ఓపాలి సూపించీ" అని ఒకరోజు ఫోన్‌లో నవ్వుతూ, త్వరగా ఒక్కసారి చూపించమని అడిగింది. నాకు నవ్వు రాలేదు. ఆవిణ్ణి పడుకోబెట్టి తీసుకెళ్లాలి, డయాలసిస్ వేళ తప్పకుండా తీసుకురావాలి అని ఆ రోజే నిశ్చయించుకున్నాను. ఇంట్లో మంచాన పడ్డవాళ్లుండి, వాళ్లతో ఎక్కడికైనా వెళ్లాలనుకునే వాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నాను.

టెక్కలిలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి రెండు రోజులు సెలవు పెట్టి, విశాఖలో ఒక మోటార్‌హోమ్ అద్దెకు తీసుకున్నాను. టెంపో ట్రావెలర్‌లో సీట్లు పీకి పరుపు, చిన్న సింకు, బాత్రూం పెట్టిన బండి అది. రోజుకు ఎనిమిది వేలు, డీజిల్ మనదే. ఈ సైజు బండికి కారు లైసెన్సు సరిపోతుంది. తాళం ఇచ్చిన పెద్దాయన నన్ను ఎండలో నిలబెట్టి పాఠం చెప్పాడు. "ఎడమ వరసే మీ ఇల్లనుకోండమ్మా. ముందు బండిని దాటాలంటేనే కుడికి రావాలి. దాటాక మళ్లీ ఇంటికొచ్చేయాలి" అన్నాడు. నాలుగు వరసల హైవే మీద కారుకు గంటకు వంద కిలోమీటర్లు, డ్రైవరు కాక తొమ్మిది, ఆపైన సీట్లున్న బండికి తొంభై, సరుకు బండికి ఎనభై పైహద్దు. బోర్డు మీద అంతకన్నా తక్కువ రాసి ఉంటే బోర్డుదే మాట. మోటార్‌హోమ్ ఏ కోవలోకి వస్తుందో ఆర్‌సీలో చూసుకోవాలి. మా బండికి ఆ చర్చే లేదు. వేగం ఎనభై దాటకుండా ఆపే పరికరం ముందే బిగించేశారు.

మర్నాడు ఉదయం ఐదున్నరకు టెక్కలిలో బయలుదేరాను. హైవే ఖాళీగా ఉంది. మొదట్లో ఏదైనా లారీ పక్క నుంచి దూసుకుపోయినప్పుడల్లా బండి ఊగేది, నా గుండె కూడా దాంతోపాటే. పలాస దగ్గర టిఫిన్ బండి ముందు ఆగితే, ఇడ్లీలు వడ్డిస్తున్న ఆయన మోటార్‌హోమ్ చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి వచ్చాడు.

"ఇందులో వంట కూడా సేసుకోవచ్చేటి?"

"చేసుకోవచ్చు."

"మరి నా కాడికెందుకొచ్చినావమ్మా?" అని నవ్వి, నలభై రూపాయలు తీసుకుని, "సోంపేట కాడ సూసుకుని ఎల్లు. ఎడమపక్కంతా మినుములు పరిసేసినారు" అన్నాడు.

మా వైపు ఇది మామూలే. పీకిన మినపమొక్కల్ని రోడ్డు మీద పరిచి, చుట్టూ రాళ్లు పెడతారు. పోయే బళ్ల చక్రాలే నూర్పిడి చేసిపెడతాయి. పైసా ఖర్చు లేని యంత్రం. ఎండిన మినపకాడ ఇరుసుకు చుట్టుకుని వేడికి అంటుకుందంటే మాత్రం బండి బూడిదే. అందుకని ఎడమ వరస చూస్తేనే డ్రైవర్లకు ఒళ్లుమంట.

ఆ ఒళ్లుమంట అందరికన్నా ఎక్కువున్న మనిషి మా సత్యం బావ, అత్త కొడుకు. ఇరవై ఏళ్లుగా కవిటి కొబ్బరికాయల్ని లారీలో బెంగాల్ దాకా తోలుతున్నాడు. కంచిలి దగ్గర హైవే దిగి, తోటల మధ్య సన్నటి దారిలో కొబ్బరిమట్టలు బండి పైకప్పును గీరుతుంటే ముప్ఫై దాటకుండా వెళ్లి, ఎనిమిదికి వాళ్లింటి ముందు ఆపాను. (ఈ దారుల్లో వెళ్లేవాళ్లు బండి ఎత్తు ఎంతో ముందే తెలుసుకోండి. కిందికి వేలాడే కరెంటు తీగలూ ఉన్నాయి.) పక్కింటావిడ నాకో బొండాం కొట్టి ఇచ్చింది. అత్తకు కొబ్బరినీళ్లు పనికిరావు. కొబ్బరితోట మధ్యలో కాపురం, గుక్కెడు కొబ్బరినీళ్లకు నోచుకోదు. నేను బొండాం పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్లి తాగి వచ్చాను. "కనబడకుండా తాగితే నాకు తెలీదనుకున్నావేటి?" అంది అత్త.

పది గంటలకు ముగ్గురం బయలుదేరాం. అత్తను కిటికీ పక్కన పరుపు మీద పడుకోబెట్టి, డయాలసిస్ సూదులు గుచ్చే చేతి కింద దిండు పెట్టాం. బావ నా పక్కన కూర్చున్నాడు. హైవే ఎక్కామో లేదో మొదలెట్టాడు.

"పెళ్లి ఊరేగింపేటి ఇది? కుడిపక్కకెక్కీ. ఎక్కి దిగకు."

"పెద్ద బండి ఎడమనే ఉండాలి బావా."

"ఎడమనేటుంది? ఆటోలు ఎదురొత్తాయి, బస్సులు ఆగిపోతాయి, మినుములు. కుడిపక్క పట్టుకున్నోడికి దిగులు లేదు. ఎనకోడు ఆడి దారి ఆడు సూసుకుంతాడు."

అతను చెప్పిన కష్టాల్లో అబద్ధమేమీ లేదు. ఐదు నిమిషాల్లోనే ఒక ఆటో నిండా జనంతో ఎదురొచ్చింది. కానీ అరవైలో ఉన్నాను కాబట్టి మెల్లగా ఆగగలిగాను. అత్త చెయ్యి దిండు మీంచి జారలేదు. మినుములు వచ్చిన చోటల్లా అద్దం చూసి, ఇండికేటర్ వేసి, కుడికి వెళ్లి, రాళ్లు దాటగానే ఎడమకు వచ్చాను. బావ విసుక్కున్నప్పుడల్లా నాకు పట్టుదల పెరిగిందే తప్ప తగ్గలేదు.

బారువ ఒడ్డున, ఇసుక మొదలయ్యే చోట గట్టినేల చూసి బండి ఆపి వెనక తలుపులు తెరిచాం. పరుపు మీంచే సముద్రం మొత్తం కనబడింది. తెప్పలు ఒడ్డుకు లాగి ఉన్నాయి, ఎండుచేపల వాసన గాలినిండా ఉంది. అత్త తల ఎత్తి ఒడ్డంతా చూసింది. తర్వాత చేపలు ఆరబెడుతున్న ఒకావిణ్ణి పేరు పెట్టి పిలిచింది. చిన్నప్పటి స్నేహితురాలట. ఇద్దరూ చేతులు పట్టుకుని ఎవరెవరు బతికున్నారో, ఎవరు పోయారో చెప్పుకుని, అన్నిటికీ కలిపి నవ్వుకున్నారు. అత్త అలా నవ్వగా విని ఎన్నాళ్లయిందో. రెండింటికి కదలాల్సింది, ఆ నవ్వు ఆపడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు. బయలుదేరేసరికి మూడు కావస్తోంది.

ఆ రోజే నాలుగున్నరకు పలాస ఆసుపత్రిలో అత్త వంతు. వేళకు లేకపోతే మిషను వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. మళ్లీ వంతు దొరికే దాకా అత్తకు ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. ఈ సంగతి తెలిసిన బావ ఈసారి వేళాకోళం మానేశాడు.

"సుజాతా, నీకు దండం పెడతాను. కుడిపక్కకెక్కి, ఆరన్ మీద సెయ్యి తియ్యకుండా పో."

"అరవైలో వెళ్లినా అందుతాం. లెక్క చూసుకున్నాను. కుదుపులతో తీసుకెళ్లి అక్కడ పడేస్తే ఏం లాభం?" అన్నాను. పైకి గట్టిగానే అన్నాను, మాటిమాటికీ గడియారం మాత్రం చూస్తూనే ఉన్నాను.

సోంపేట దాటి కొంత దూరం పోయాక అద్దంలో అంబులెన్స్ కనబడింది. నేను ఎడమనే ఉన్నాను కాబట్టి కుడి నుంచి సాఫీగా దాటిపోయింది. పోయి, ముందున్న లారీ వెనక ఇరుక్కుంది. ఆ లారీ మినుముల్ని తప్పించుకోవడానికి కుడికి ఎక్కింది. రాళ్లు అయిపోయాయి, ఎడమ వరస ఖాళీ అయింది, అయినా దిగలేదు. సైరన్ మోగుతూనే ఉంది.

"సత్తిం, అది మన కవిటి లారీ కాదేటి?" వెనక నుంచి అత్త అడిగింది.

అవును. విశాఖ వైపు పోతున్న కొబ్బరికాయల లోడు, వెనక తలుపు మీద పసుపు రంగు చేప బొమ్మ. బావ అప్పటికే ఆ లారీలో పక్కన కూర్చున్న, తనకు తెలిసిన రెండో డ్రైవరుకు ఫోన్ చేస్తున్నాడు. "ఒరే, ఎనక సైరన్ ఇనబడ్డం లేదేట్రా? ఎడమకి దిగమను. దిగమనరా ముందు!" అని అరిచాడు. లారీ ఎడమకు దిగింది. అంబులెన్స్ వెళ్లిపోయింది.

సైరన్ దూరమైంది. తర్వాత అత్త, కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది.

"వానల్లో నాకు ఊపిరందనప్పుడు నన్నూ ఆ తెల్లబండిలోనే అట్టుకెల్లారు. నువ్వు లోడేసుకుని దారిలో ఉన్నావు. ఇలగే ఓ లారీ ముందర పడి ఎంతకీ తప్పుకోలేదు. పడుకుని ఒక్కటే మొక్కుకున్నాన్రా. నాను పోతే పోయేను గానీ, ఆ లారీలో ఉన్నోడు నా కొడుకు కాకూడదని."

బావ ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు ఎక్కడున్నాడో ఆవిడ అడగలేదు, అతనూ చెప్పలేదు. పలాస చేరేదాకా కుడిపక్క అన్న మాట అతని నోట రాలేదు.

నాలుగుంబావుకు ఆసుపత్రి ముందు ఆపాను. మిషను అత్త కోసం ఖాళీగానే ఉంది. డయాలసిస్ పూర్తయ్యాక రాత్రి కవిటికి బావే బండి తోలాడు. ఎడమ వరసలో, యాభై ఐదులో. ఆటో ఎదురొస్తే ఆగాడు, బస్సు ఆగితే తనూ ఆగాడు, తిట్టలేదు. వెనక పరుపు మీద అత్త నిద్రపోయింది.

ఆ రోజు నేను అత్తకు సముద్రం చూపించానని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం అద్దంలో చూసిన ఆ తెల్లబండే కళ్లముందు నిలిచింది. నియమం అంటే జరిమానా తప్పించుకునే ఉపాయం అనుకుంటాం. వెనక వచ్చేవాళ్ల ఊపిరి ఆ నియమంలో ఉందని, ఒకసారి ఆ తెల్లబండిలో పడుకుని వెళ్తే గాని తెలియదు. పెద్ద బండితో ఇటు వచ్చేవాళ్లకు ఒకే ఒక్క సలహా: మ్యాప్ చెప్పిన సమయానికి గంటకు పావుగంట చొప్పున కలుపుకుని బయలుదేరండి, అప్పుడు కుడి వరసతో మీకు పని పడదు. కుడికి ఎక్కాల్సి వచ్చినా, దాటగానే దిగిపోండి. వెనక సైరన్‌లో ఉన్నది ఎవరి అమ్మో మీకు తెలియదు.