కాణిపాకంలో చెంగమ్మ ప్రమాణం

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది, మాఘమాసం చివరి రోజుల్లో, పొద్దున ఆరున్నరకు మద్రాసు సెంట్రల్లో తిరుపతి బండి ఎక్కాను. పెట్టెలో ఉన్నవాళ్లంతా కొండకు పోయేవాళ్లే. ఎదుటి సీటు పెద్దాయన నా ఒళ్లో ఫ్లాస్కు చూసి "కాఫీనా అమ్మా?" అన్నాడు. కాదన్నాను. అందులో ఉన్నది వేలెడంత గాజు సీసా, దాన్నిండా గులాబీరంగు ద్రవం. ఆ మాట చెబితే ప్రశ్నలు ఆగవని ఊరుకున్నాను.

నేనప్పుడు డాక్టరు చదువు ముగించి ఒక ప్రయోగశాలలో చేరి ఉన్నాను. మనిషి చర్మంలోంచి తీసిన కణాలను గాజుపాత్రల్లో పెంచడం మా పని. సరైన ద్రవం పోసి వెచ్చగా ఉంచితే ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అయితే ఎల్లకాలం కాదు. కొన్ని విడతలయ్యాక ఆగిపోతాయి. చచ్చిపోవు, పెరగవు, గాజుకు అంటుకుని ఊరికే ఉంటాయి. ముసలితనం బయటినుంచి ఒంటికి పట్టేదా, లేక ప్రతి కణంలోనూ పుట్టినప్పటినుంచే దాక్కుని ఉండేదా అన్నది ఆ రోజుల్లో చాలా దేశాల్లో వెతుకుతున్న ప్రశ్న. మా ప్రొఫెసరుగారికి నిద్రలో కూడా అదే ధ్యాస.

తిరుపతిలో ఆయనకు తెలిసిన చర్మవ్యాధుల డాక్టరు ఒకాయన ఉన్నారు. కాళ్లమీద మానని పుండ్లతో వచ్చిన ఒక రోగి గురించి ఆయన ప్రొఫెసరుగారికి చెప్పారు. పేరు చెంగమ్మ, వయసు ముప్పై నాలుగు. జుట్టంతా తెల్లబడింది, కళ్లకు పొరలు కమ్మాయి, ఒళ్లు ఎముకలకు అంటుకుపోయింది. పన్నెండేళ్లదాకా మామూలుగా ఎదిగి, అక్కడ పొడవు ఆగి, ఇరవై నుంచి గబగబా ముసలివాళ్లయ్యే అరుదైన జబ్బు అది. ఆమె చర్మం ఆవగింజంత తెస్తే మా ప్రశ్నకు జవాబులో ఒక ముక్క దొరకవచ్చు. అందుకే నన్ను పంపారు.

పదిన్నరకు తిరుపతిలో దిగి, స్టేషన్ ఎదుట హోటల్లో ఇడ్లీ తిని, డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. చెంగమ్మ ఉండే కార్వేటినగరానికి దారి చెప్పి, చివర్లో ఆయన, "చూసి జడుసుకోకండి" అన్నారు.

"ఇలాంటి రోగుల ఫొటోలు చూశానండీ."

"చెంగమ్మను కాదు. వాళ్లమ్మను చూసి."

ఎందుకని అడిగితే వెళ్లాక మీకే తెలుస్తుందన్నారు.

ఆ రాత్రికి సత్రంలో గది తీసుకుని, మర్నాడు తెల్లారగానే పుత్తూరు బస్సు ఎక్కాను. ఆ దారిన పోయేవాళ్లకు ఒక మాట చెప్పాలి. పుత్తూరులో కార్వేటినగరం బస్సు నిండితే గానీ కదలదు. కూర్చునేందుకు నీడ ఉండదు కాబట్టి గొడుగు తీసుకెళ్లడం మేలు. నా పక్కన చింతపండు బుట్టతో కూర్చున్న రైతు నన్ను ఎగాదిగా చూసి, "యాడికి పోవాల తల్లీ?" అన్నాడు. చెంగమ్మ తల్లి మునెమ్మ ఇంటికని చెప్పాను. బుట్టను కొంచెం తనవైపు జరుపుకున్నాడు.

"ఆ యింట్లో నీళ్లు తాగబాకమ్మా."

"ఎందుకు?"

"కూతురి వయసు తీసి తల్లి కట్టుకునింది. నేను సెప్పేదేంది, పోతా ఉండావు గదా, సూడు."

కార్వేటినగరం పాత కోట గోడలు కనిపించగానే నాకంటే ముందే దిగిపోయాడు.

ఇల్లు ఊరి చివర, మామిడితోపు వైపు ఉంది. వాకిట్లో ఒకావిడ వేరుశనక్కాయలు చెరుగుతోంది. గట్టి మనిషి, నలభై దాటిందో లేదో అనిపించేలా ఉంది. నల్లటి జుట్టు నున్నగా దువ్వి ముడివేసుకుంది. నీడలో నులకమంచం మీద ఒక ముసలమ్మ కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. చిటికెనవేలంత సన్నటి ముక్కు, పక్షికాళ్లవంటి చేతులు. తిరుపతిలో అంతా విని కూడా నేను వాకిట్లో ఉన్నావిడ వైపు తిరిగి, "చెంగమ్మ నువ్వేనా?" అన్నాను.

"నేను" అంది మంచం మీది మనిషి. గొంతు సన్నగా, కీచుగా ఉంది. "ఆమె మాయమ్మ."

మునెమ్మ నాకు చెంబుతో నీళ్లు తెచ్చి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది. తాగుతానో లేదోనని చూస్తోందని అర్థమైంది. చెంబు తీసుకుని మొత్తం తాగేశాను. ఆమె ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లింది. ఆ ఊళ్లో నాలుగేళ్లుగా ఎవరూ ఆ చేతి నీళ్లు ముట్టలేదట. తల వెంట్రుకలు నల్లగా ఉండడం తన తప్పయినట్టు, ఒక్కోరోజు బూడిద రాసుకుని బయటికి వచ్చేదట.

చెంగమ్మ కథ ఆమె నోటినుంచే విన్నాను. పన్నెండో ఏటినుంచి పొడవు ఎదగలేదు. పెళ్లినాటికే నెత్తి నెరిసింది. పిత్తం అన్నారు. చేసుకున్నది సొంత మేనమామ చెంగల్రాయుణ్ణి, అంటే మునెమ్మ తమ్ముణ్ణి. పూతలపట్టు దాటాక వాళ్ల ఊరు. ఒక ఆడపిల్ల పుట్టింది. పాపకు మూడేళ్లున్నప్పుడు చెంగమ్మకు కాళ్లు పుండ్లుపడి పుట్టింటికి వచ్చింది. మళ్లీ తీసుకుపోయేందుకు ఎవరూ రాలేదు. తనే వెళితే మొగుడు వాకిట్లో నిలబెట్టి, ఊరంతా వినేలా, "ఎవురో ముసిల్ది. నా పెండ్లాం కాదు" అన్నాడు.

"నన్ను సంకనేసుకోని తిప్పినోడమ్మా మా మామ" అంది చెంగమ్మ. ఏడవలేదు. కళ్లల్లో పొరలవల్ల ఎటు చూస్తోందో కూడా తెలియలేదు. "చెంగమ్మే అయితే కాణిపాకంలో ప్రమాణం చెయ్యమన్నాడు. రేపే. పాపను కూడా తీసుకోనొస్తాడంట."

మునెమ్మ నావైపు తిరిగింది. "నువ్వు గూడా రామ్మా. నా బిడ్డకు ముప్పై నాలుగేండ్లని డాక్టరు సెప్తే వాడు నమ్ముతాడు."

ఒంటిని చూసి వయసు చెప్పే పరీక్ష ఏదీ మా దగ్గర లేదు. ఎముక చూసినా, కన్ను చూసినా, గుండె విన్నా ఆమెకు డెబ్బై అనే చెబుతాయి. ఇది జబ్బని చెప్పగలను గానీ, ఈమె ఆమేనని చెప్పలేను. ఆ మాట దాచకుండా చెప్పేశాను.

చెంగమ్మ చెయ్యి చాపింది. "నువ్వొచ్చిన పని చూసుకో. రేపు మాతో వచ్చి ఊరికే నిలబడు, చాలు."

మోచేతి పైన మత్తుమందు సూది వేసి, చిన్న ముక్క తీసి సీసాలో వేశాను. ఆమె ఆ సీసాను కంటికి ఆనించుకుని చూసింది.

"ఇది బతికే ఉండాదా?"

"ఉంది."

"ఆడ గూడా బతుకుతాదా?"

"కొన్నాళ్లు."

"నేను పోయినంక గూడానా?"

తెలియదన్నాను. ఆమె సీసాను చెవి దగ్గర పెట్టుకుని, ఏదో వినబడుతుందన్నట్టు తల వంచింది. మునెమ్మ గబుక్కున సీసా లాక్కుని నా చేతిలో పెట్టింది.

ఆ కణాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మద్రాసులో అవి గాజును పట్టుకున్నాయి, పెరిగాయి. కానీ మామూలు మనిషి కణాలు ఎన్నో విడతలు రెట్టింపయ్యేచోట, చెంగమ్మవి కొద్ది విడతలకే ఆగాయి. ముసలితనం కణం లోపలే ఉంటుందన్న వాళ్లకు అదొక సాక్ష్యం. ఆగిపోయాక కూడా అవి చాలాకాలం గాజును పట్టుకుని ఉన్నాయి. రోజూ పొద్దున సూక్ష్మదర్శినిలో వాటిని చూసేటప్పుడు, అవతలినుంచి నన్నెవరో చూస్తున్నట్టుండేది.

ఆ రాత్రి రాగిసంకటి, ఊరిబిండి పచ్చడి తిని అక్కడే పడుకున్నాను. మర్నాడు ఏడింటికి ముగ్గురం పెనుమూరు మీదుగా చిత్తూరు పోయే బస్సు ఎక్కాం. కండక్టరు చెంగమ్మ చెయ్యి పట్టి ఎక్కిస్తూ, "మెల్లగా అవ్వా, మెల్లగా" అన్నాడు. పెనుమూరులో ఎక్కిన ఒకావిడ మునెమ్మను మోచేత్తో పొడిచి, "మీయమ్మను కిటికీకాడ కూర్చోబెట్టుమే. గాలి తగల్తాది" అంది.

మునెమ్మ బిగుసుకుపోయింది. చెంగమ్మ మాత్రం తన కీచు గొంతుతో, "సూడు కూతురా, ఆ కిటికీ తెరువు" అంది. అని నవ్వింది. ముందరి పళ్లు లేవు. మునెమ్మ లేచి కిటికీ తెరిచి, కూతుర్ని అటు కూర్చోబెట్టి, చిత్తూరు వచ్చేదాకా తల ఎత్తలేదు.

చిత్తూరు బస్టాండు ఎదుట సోడా అంగట్లో ఐసు కొని ఫ్లాస్కులో వేసుకున్నాను. అక్కణ్ణించి కాణిపాకానికి ఎన్నో బస్సులు లేవు. మాకు దొరికింది పదకొండుకు చేర్చింది. అప్పట్లో గుడి చిన్నది. ముందు టెంకాయలంగళ్లు నాలుగు, పూలమ్మేవాళ్లు ఇద్దరు. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధమాడి ప్రమాణం చేసినవాడు బాగుపడడని ఆ జిల్లాలో అందరికీ నమ్మకం. కోర్టులో తేలని తగాదాలు అక్కడికి వస్తాయి.

చెంగల్రాయుడు మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. నలభై అయిదేళ్ల మనిషి, ఉతికిన పంచె. పాపను టెంకాయల అంగడి దగ్గర నిలబెట్టి తనొక్కడే వచ్చాడు. అక్కతో మాట్లాడలేదు. పెళ్లాం ముఖం చూడలేదు.

ప్రమాణానికి ముందు తలస్నానం చెయ్యాలి కాబట్టి మునెమ్మ కోనేట్లో నీళ్లు తోడి కూతురి నెత్తిన పోసింది. తడిచీర ఒంటికి అంటుకుంటే ఆమె ఇంకా చిన్నదైపోయింది. గర్భగుడి ముందు కర్పూరం వెలుగులో చేతులు జోడించి నిలబడింది. చుట్టూ నలుగురైదుగురు జనం చేరారు.

"నేను మునెమ్మ కూతురు చెంగమ్మను" అంది. "ఈ చెంగల్రాయుడు నాకు మేనమామ. నాకు తాళి కట్టినోడు. ఇది అబద్ధమైతే సామి నన్ను ఇప్పుడే తీసకపోనీ."

కర్పూరం ఆరిపోయింది. చెంగల్రాయుడి మెడమీద చెమట బొట్లుబొట్లుగా కారడం చూశాను.

బయటికి వచ్చాక గోడపక్కన అతను కూలబడ్డాడు. "నాకు తెలీదా అక్కా" అన్నాడు. "మొదటినించీ తెలుసు."

"మరెందుకురా ఈ అగచాట్లు?" అని మునెమ్మ అరిచింది.

"ప్రమాణానికి ఇంతదూరం రాదులే అనుకున్న్యా. ఇది దాని తల్లని తెలిస్తే నా బిడ్డను ఎవురు సేసుకుంటారు? మీయమ్మ చచ్చిపోయిందని పాపకు సెప్పి సాకతా ఉండాను." నావైపు తలెత్తాడు. "డాక్టరమ్మా, పాపకు గూడా వస్తాదా?"

జబ్బు రావాలంటే దాని గుణం తల్లివైపునుంచీ తండ్రివైపునుంచీ కూడా అందాలి. మామూలుగా అయితే భయం తక్కువ. కానీ ఇది ఒకే నెత్తురులో జరిగిన పెళ్లి. అతనిలోనూ ఆ గుణం బయటపడకుండా ఉండవచ్చు. చెప్పాను. "రావచ్చు, రాకపోవచ్చు. ఇప్పుడే తెలియదు. పన్నెండు, పదమూడేళ్లప్పుడు తోటిపిల్లల్లాగే పొడవు సాగితే ధైర్యంగా ఉండండి. సాగకపోతే తిరుపతి డాక్టరుగారికి చూపించండి. పెళ్లి మాత్రం మీ వాళ్లలో చెయ్యకండి."

చెంగమ్మ ఇదంతా వింది. తడిచీర కొంగు పిండుకుంటూ నిలబడింది.

అప్పుడే పాప టెంకాయ ముక్క కొరుకుతూ పరుగెత్తుకొచ్చింది. ఏడేళ్ల పిల్ల. తండ్రి వెనక నక్కి చెంగమ్మను చూసి, "నాయనా, ఎవురీ అవ్వ?" అంది.

చెంగల్రాయుడు నోరు తెరిచాడు. అతను పలికేలోపే, దేవుడి ముందు నిజం చెప్పి ఇంకా తడి ఆరని చెంగమ్మ మెల్లగా వంగి, పాప ముఖానికి ముఖం దగ్గరగా తెచ్చుకుంది. ఆ పొరల కళ్లకు అంత దగ్గరికి వస్తే గానీ కనిపించదు.

"నేను మీ అవ్వను" అంది. "మీయమ్మకు అమ్మను."

"మరి ఈమె?" పాప మునెమ్మ వైపు వేలు చూపించింది.

"నా కూతురు. నీకు పెద్దమ్మ."

మునెమ్మ గోడకు చెయ్యి ఆనించింది. చెంగమ్మ తల్లివైపు చూడలేదు. మొగుడితో, "మామా" అనబోయి ఆగి, "చెంగల్రాయా, పాపను నెలకొకసారి తీసుకోనొచ్చి చూపించు" అంది, అత్త అల్లుడితో అన్నట్టు. అతను చేతులు జోడించాడు.

అతను మాట తప్పలేదు. తిరుపతి డాక్టరుగారు తర్వాత నాకు చెప్పారు. చెంగమ్మ గుండె ఆగి పోయేదాకా మరో మూడేళ్లు ఆ పిల్ల వస్తూనే ఉందట. అవ్వ పోయిందని ఏడ్చిందట.

నేను మద్రాసు పోయేందుకు మధ్యాహ్నం చిత్తూరు స్టేషన్లో కాట్పాడి బండి ఎక్కాను. తిరుపతినుంచి వచ్చే చిన్న బండి. లోపల కాలు పెట్టి గుమ్మంలోనే నిలబడిపోయాను. పెట్టె నిండా కొండ దిగివస్తున్నవాళ్లు, అందరివీ గుండ్లే. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, నున్నటి తలలకు పసుపుపచ్చగా చందనం. ఎండకు కళ్లు మూసుకుని ఊగుతున్న ఆ ముఖాల్లో ఎవరు పెద్దో, ఎవరు చిన్నో పోల్చుకోలేకపోయాను. డాక్టరు చదువు చదివినదాన్ని, ఒక్క ముఖానికీ వయసు కట్టలేకపోయాను.

ఎదుటి సీట్లో ఒకావిడ నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకుని ఉంది. నాకు చోటిచ్చి, కాగితంలోంచి లడ్డు తుంచి పెట్టింది. తీసుకున్నాను. ఆ బిడ్డ ఆమెకు ఏమవుతుందో అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు.