నాలుగు అడుగుల ముడి

మద్రాసు తొండియార్‌పేటలో రంగనాథం ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పలేరు. స్టిల్స్ తాత ఇల్లు అంటే మాత్రం పాలపాకెట్లు వేసే మనిషి కూడా వెంటబెట్టుకొచ్చి చూపిస్తాడు. ముప్పై ఏళ్ళకు పైగా సినిమా షూటింగుల్లో స్టిల్ ఫోటోలు తీసిన మనిషి. వారపత్రికల అట్టల మీద, థియేటర్ల గాజు పెట్టెల్లో ఆయన తీసిన మొహాలు లెక్కలేనన్ని. ఇంట్లో ఆయన భార్య అమ్మణికి మాత్రం పెళ్ళి గుంపులో ఒక ఫోటో, రేషను కార్డులో ఒక ఫోటో. అంతే. తీస్తాలే, ఎక్కడికి పోతావు అంటూ నలభై నాలుగేళ్ళు దొర్లించేశాడు మహానుభావుడు.

తెలుగు షూటింగులు హైదరాబాదు తరలిపోయి, ఆ తర్వాత ఫిల్మే పోయాక కెమెరాలన్నీ అమ్మేశాడు. ఒక్క లెన్సు మాత్రం చేతులు రాక ఉంచుకున్నాడు. యాభై ఎం.ఎం., ఒకటి పాయింట్ నాలుగు. కిటికీలోంచి వచ్చే కాస్త వెలుగుతోనే పని కానిచ్చేస్తుంది. పూర్తిగా తెరిచి తీస్తే కంటిరెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు గానీ, అదే మనిషి చెవి మసగ్గా పోతుంది. అంత పలచన దాని ఫోకస్. సముద్రపు గాలికి అద్దంలో బూజు పట్టకుండా అమ్మణి దాన్ని గుడ్డలో చుట్టి బియ్యం పోసిన టిన్నులో దాచింది. నెలకోసారి ఆ బియ్యం తీసి ఇడ్లీకి నానబోసేది, కొత్త బియ్యం పోసేది. ఇరవై ఏళ్ళలో ఒక్క నెల తప్పితే ఒట్టు.

పోయిన ఏడు ఆడి నెలలో, అంటే మన ఆషాఢం రోజుల్లో, ఆమె ఎడమ బుగ్గ లోపల పుండు లేచింది. ఆకువక్కలో పొగాకు మానమని మొగుడూ కూతురూ మొత్తుకున్నా వినలేదు కదా. డాక్టరు దాచకుండా చెప్పాడు. దవడ ఎముకలో ముక్క తీసేయాలట, తొడ కండ తెచ్చి బుగ్గకు అతుకు వేస్తారట. ప్రాణానికి భయం లేదు, మొహం మాత్రం మునుపటిలా ఉండదు. అమ్మణి అంతా విని ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, ఎసరు పెట్టింది. బియ్యం కడుగుతూ అడిగింది.

"ఆపరేషనుకు ముందు నాదొక ఫోటో తీస్తారా? ఈ మొహం ఇంక ఉండదు కదా."

 ఊరందరి మొహాలూ తీసి ఈమెది ఇన్నాళ్ళూ తీయనందుకు రంగనాథానికి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

కూతురు హేమమాలిని ఎన్నూరు పవర్‌హౌసులో ఇంజనీరు. ఎవరి దగ్గరో సెకండ్‌హ్యాండ్ డిజిటల్ కెమెరా కొనుక్కొచ్చింది. పాత లెన్సు దానికి పట్టదు గనక మధ్యలో బిగించే అడాప్టరు కూడా తెప్పించింది. ఇంత తిప్పలెందుకు, దానంతటదే ఫోకస్ చేసుకునే కొత్త లెన్సు ఉంది కదా అని ఒక మాట అని చూసింది. పెద్దాయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. మీ అమ్మ ఫోటో మిషను తీయడమేమిటని ఆ పూటంతా కూతురితో మాట్లాడలేదు.

నిజానికి కళ్ళలో పొర వచ్చి ఆయనకు కెమెరాలో చూస్తూ ఫోకస్ పట్టడం కుదరదు. ఆ అవసరమూ లేదు, ఆయనకు తాడుంది. సెట్లో షాటుకూ షాటుకూ మధ్య స్టిల్స్ వాళ్ళకు దొరికేది ఒక్క నిమిషం. అందుకని పురికొస ఒకటి చేసుకున్నాడు. కొసకు చొక్కా గుండీ. మూడడుగులకొక ముడి, నాలుగుకొకటి, అయిదుకొకటి. గుండీ ఎదుటి మనిషి కంటి కింద ఆనాలి, నాలుగో అడుగు ముడి కెమెరాకు తగలాలి, లెన్సు మీద నాలుగు అంకెకు తిప్పాలి, మీట నొక్కాలి. గురి తప్పడమన్న మాటే లేదు.

ఆదివారం పొద్దున కిటికీ పక్కన కుర్చీ వేశాడు. అమ్మణి ముదురాకుపచ్చ పట్టుచీర కట్టి, మల్లెపూలు పెట్టుకుని వచ్చి కూచుంది. కంటి కింద గుండీ ఆనించుకుని, ఎంతమంది చెంపలకు తగిలిందో ఇది అని నవ్వింది. పన్నెండు ఫోటోలు తీశాడు, పన్నెండే. వెనక తెరలో చూసుకోమని కూతురు పోరింది. స్టిల్స్ మనిషి తీసింది లాబులో చూస్తాడు గానీ సెట్లో చూసుకుంటాడా అని కసిరి, కెమెరా బీరువాలో పెట్టి తాళం వేశాడు. మర్నాడే ఆసుపత్రిలో చేరారు.

ఆపరేషను బాగానే అయింది. నాలుగో రోజు తండ్రితో ఇంటికి బట్టలకని వచ్చినప్పుడు హేమమాలిని బీరువా తెరిచి ఆ ఫోటోలు లాప్‌టాపులోకి ఎక్కించి ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసింది. తండ్రి ఏమిటని అడిగితే తెర ఆయన వైపు తిప్పింది.

"ఈడ చూడు నాయనా."

పన్నెండింటిలోనూ చెవి కమ్మ తళతళా మెరుస్తోంది. మల్లెమొగ్గల కాడలు కూడా తెలుస్తున్నాయి. మొహమే లేదు. కళ్ళూ, ముక్కూ, ఆ ఎడమ బుగ్గా అన్నీ నీళ్ళలో కరిగినట్టు మసక. అడాప్టరు వెంట్రుకవాసి పలచన. లెన్సు మీది అంకెలన్నీ తప్పి, ఫోకస్ కంటి మీద నుంచి వెనక చెవి మీదకు జరిగిపోయింది. కూతురు మెల్లగా ఆ సంగతి చెబుతుంటే, అడాప్టరుది కాదు తప్పు, నాదే అన్నాడు. ఒక్కసారి తెర చూసి ఉంటే ఇంకో పన్నెండు తీసేవాడు. ఆ మొహం ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు. పెద్దాయన కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అమ్మణి అడిగినప్పుడల్లా ఫోటోలు లాబులో ఉన్నాయని అబద్ధం చెప్పాడు. ఇంటికి తీసుకొచ్చాక కూడా అదే మాట. ఇంకొకటి కూడా మొదలుపెట్టాడు. మంచం పక్కన కూచున్నా, జావ తాగించినా, ఆమెకు కుడివైపునే. తను అలా చేస్తున్నట్టు ఆయనకే తెలియదు. ఆమెకు తెలుసు.

కుట్లు విప్పారు, నెల దాటింది, మాట మెల్లగా, కాస్త ముద్దగా వస్తోంది. ఒక మధ్యాహ్నం ఇక దాచలేక లాప్‌టాపు తెచ్చి ఆమె ముందు పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు. అమ్మణి పైటచెంగు మొహానికి అడ్డంగా పట్టుకునే పన్నెండూ చూసింది.

"ఆపరేషను చెవికి చేసుంటే పనికొచ్చుండును," అంది.

ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తప్పయిపోయింది అమ్మణీ అన్నాడు. ఆమె సరి సరి అని, తాడు తెమ్మంది.

ఆ తాడును ఆయన అప్పటికే సరిచేసి ఉన్నాడు. న్యూస్‌పేపరు వాలుగా పెట్టి, తీసి, తెరలో చూసి, మళ్ళీ తీసి, ఏ వరుస అక్షరాలు తేటగా వస్తున్నాయో పట్టుకున్నాడు. నాలుగు వేళ్ళ తేడా. పాత ముడి విప్పి నాలుగు వేళ్ళు అవతల వేశాడు. ఎందుకు చేశాడంటే తనకే తెలియదు, ఇక ఎవరిని తీస్తాడని.

కిటికీ పక్కన అదే కుర్చీ. ఆయన ఆమెకు కుడివైపుకు పోయి నిలబడ్డాడు. అమ్మణి కదలలేదు. పైట తీసేసింది. గుండీ తీసుకుని ఎడమ కంటి కింద, అతుకు మొదలైన చోట ఆనించుకుంది.

"ఆ పక్క వద్దులే," అన్నాడు.

"మీకు ఏ పక్క చూడను మనసొప్పలేదో ఆ పక్కే తీయండి. చచ్చేదాకా మీ ఎదురుగా ఉండాల్సిన మొహం ఇదే."

ఆయన ఎడమవైపుకు వచ్చాడు. తాడు బిగించాడు. ముడి కెమెరాకు ఆనించి, లెన్సు నాలుగు అంకెకు తిప్పి, నొక్కాడు. ఈసారి తెరలో చూసుకున్నాడు. కళ్ళద్దాలు పైకి తోసి, తెర ముక్కుకు ఆనేంత దగ్గరగా పట్టుకుని, బొమ్మ పెద్దది చేసి చూశాడు. ఎడమ కన్ను, దాని రెప్ప వెంట్రుకలు, కింద మెలిక తిరిగిన కుట్ల గీత, పక్కకు లాగిన పెదవి, అన్నీ తేటగా ఉన్నాయి. అందులో ఆమె నవ్వుతోంది. ఎంతో సేపు చూశాడు. బాగా వచ్చిందా అని ఆమె అడిగింది. బాగా వచ్చావు అన్నాడు.

ఆ రోజు భోజనానికి తన పీట ఆమెకు ఎడమవైపు వేసుకున్నాడు.