రోజులో పెద్ద ముక్క

నా చిన్నప్పుడు నరసాపురంలో మా ఇంటికి పొద్దున్నే ఒకావిడ వచ్చి, వాకిలి ఊడ్చి అంట్లు తోమి వెళ్ళేది. ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గాని మా ఇంట్లో ఎవరూ దాని జోలికి పోలేదు. మా అమ్మ ‘పనిది’ అనేది. మా నాన్నగారు నాలుగు ముక్కలు చదువుకున్నవారు గనక ‘పనిమనిషి’ అనేవారు. మా చిన్నత్త ఆవిడ కంటే పదేళ్ళు చిన్నదై ఉండి కూడా ‘పనిపిల్ల’ అనేది. ఆదివారం చర్చిలో మాత్రం ఆవిడే మాకు ‘సహోదరి’. సోమవారం పెరట్లో అంట్ల ముందు కూర్చోగానే మళ్ళీ పనిది. ఎనిమిదేళ్ళ నన్ను మాత్రం ఆవిడ ‘పాపగారూ, మీరు’ అనేది. ఇందులో తిరకాసు ఉందని మాకెవరికీ తోచలేదు.

ఆవిడ కూతురు నా క్లాసే. ఇద్దరం ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళం. నా జడ ఊడితే ఆ పిల్లే మళ్ళీ అల్లేది. ఎక్కాలు మాత్రం నాకంటే గడగడా చెప్పేది. ఆ ఒక్క విషయంలో నాకు కాస్త కడుపుమంటగా ఉండేది, అబద్ధం ఎందుకు.

ఒకరోజు మా టీచరుగారు ఒక్కొక్కరినీ లేపి, మీ అమ్మా నాన్నా ఏం చేస్తారని అడిగారు. ఆ పిల్ల లేచి, నాన్న చేపల వేటకి వెళతాడండి, అమ్మ లేసు అల్లుతుందండి అని చెప్పింది. నన్నెవరూ అడగలేదు. అయినా నేను లేచి, ‘కాదండి, వాళ్ళమ్మ మా ఇంట్లో పనిదండి’ అన్నాను. క్లాసంతా నవ్వింది. నిజం చెప్పానని నాకు మహా ధీమా. ఆ పిల్ల పలక ఒళ్ళో పెట్టుకుని దానికేసి చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు. వాళ్ళమ్మ మా ఇంటికీ రాలేదు. మూడోరోజుకి పెరట్లో అంట్లు గుట్టపడ్డాయి. మా అమ్మ సణుగుతూ తోముతోంది. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, నా వాలకం చూసి దగ్గర కూర్చోబెట్టుకుని సంగతంతా రాబట్టింది. విన్నాక తిట్టలేదు. రెండు తగిలించినా నాకు ప్రాణం తేలిక పడేది. పెట్టెలోంచి నా క్రిస్మస్ గౌను తీసింది. ఆ గౌనుకి తెల్లటి లేసు కాలరు ఉండేది. చర్చిలో ఆడవాళ్ళంతా దాన్ని పట్టుకు చూసి, ఎక్కడ కొన్నారని అడిగారు. ఇదిగో, దీని కాలరు కుట్టు ఊడింది, దీన్ని అల్లిన మనిషితోనే బాగుచేయించుకురావాలి పద, అంది మామ్మ. క్రిస్మస్‌నాడు గట్టిగా ఉన్న కుట్టు పెట్టెలో ఎలా ఊడిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. మామ్మ పక్కన కత్తెర ఉంది మరి.

గోదావరి రేవు పక్కన చేపలవాళ్ళ ఇళ్ళ మధ్య ఒక అరుగు ముందు మామ్మ ఆగింది. అరుగు మీద మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్ళో ఉతికిన గుడ్డ, దాని మీద తెల్లగా లేసు, చేతిలో సన్నటి కొక్కెం సూది. పక్కన కూతురు దారం ఉండ చుడుతోంది. నన్ను చూసి తలతిప్పుకుంది. ఆవిడ చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. దెబ్బ తగిలిందా అని మామ్మ అడిగింది. దెబ్బ కాదండి, బూడిదతో తోమి తోమి వేళ్ళు పగిలాయి, ఆ పగుళ్ళలో దారం చిక్కుకుని పోగు లేస్తోంది, ఊరికే మెత్తగా ఉంటుందని చుట్టానండి, అంది ఆవిడ. ఆ బూడిద మా పెరట్లోదే.

నా కాలరు అందుకుని ఆవిడే అంది, ఎక్కడా కోపం లేకుండా. ‘మీరు అబద్ధం చెప్పలేదు పాపగారూ. పొద్దున్న రెండు గంటలు మీ ఇంట్లో చేస్తాను. తక్కిన రోజంతా దీపాలు పెట్టేదాకా ఇదే చేస్తాను. నా కూతురు నా రోజులో పెద్ద ముక్క చెప్పింది. మీరు చిన్న ముక్క చెప్పారు.’ కూతురి తల నిమురుతూ, ఇక ఇది బడికి పోనంటోందండి, అందరూ పనిదాని కూతురంటున్నారట, అని మామ్మతో చెప్పింది. నాకు భూమిలోకి దిగిపోతే బాగుండునని అనిపించింది. నా ఒక్క మాటకి ఎక్కాలన్నీ వచ్చిన పిల్ల చదువు ఆగిపోతోంది.

కాలరు కుట్టించుకుని తిరిగొస్తూ దారిలో మామ్మ ఒక్కటే అంది, పదిమందిలో అన్నది పదిమందిలోనే దిద్దుకోవాలని.

మర్నాడు ఆ గౌనే వేసుకుని బడికి వెళ్ళాను. టీచరుగారు రాగానే లేచాను. నా పక్కన ఆ పిల్ల కూర్చునే ఖాళీ చోటు చూపించి, ‘ఈ కాలరు వాళ్ళమ్మ అల్లిందండి, ఆవిడ లేసు అల్లుతారండి, మొన్న నాదే తప్పండి’ అని ఏడ్చేశాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. సాయంత్రం టీచరుగారే రేవు దగ్గరికి వెళ్ళారు. నాలుగు రోజులకి ఆ పిల్ల బడికి వచ్చింది, గాని వేరే బల్ల మీద కూర్చుంది. నా జడ మళ్ళీ ఎప్పుడూ అల్లలేదు. వాళ్ళమ్మ మా ఇంటికి మళ్ళీ పనికి రాలేదు, లేసు పనే ఇంకొంచెం ఎక్కువ తెచ్చుకుందట. ఆ వేళ్ళు చూశాక రమ్మనడానికి మామ్మకీ నోరు రాలేదు.

ఇప్పుడు రాజమండ్రిలో మా అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. మాటలు బాగా నాజూకయ్యాయి. ‘పనిది’ అంటే మా మనవరాలు, ఛీ అలా అనకూడదు అమ్మమ్మా అంటుంది. సంతోషమే. కానీ ‘మెయిడ్ ఇవాళ కూడా డుమ్మా’ అని అదే మనవరాలు అంటుంటే నాకు మా అమ్మ గొంతే వినిపిస్తుంది. మాట మారింది గాని మూతివిరుపు మారలేదు. మా అమ్మాయి ఫోనులో ‘మెయిడ్ ఓల్డ్’, ‘మెయిడ్ న్యూ’ అని రెండు నంబర్లున్నాయి.

కొత్తావిడ వచ్చిన మొదటిరోజే నా ఫోను తీసి, తక్కిన రోజంతా ఏం చేస్తావమ్మా, ఏమని రాసుకోమంటావు అని అడిగాను. ఆవిడ తెల్లబోయింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని, మధ్యాహ్నం నుంచి ఇంటి దగ్గర జాకెట్లు కుడతానమ్మగారూ అంది, కాస్త సిగ్గుపడుతూ. పేరు అడిగి, దాని పక్కన టైలరు అని రాసుకున్నాను.

మొన్న పొద్దున్న ఆరింటికి నా ఫోను మోగింది. మా అల్లుడుగారు తెచ్చిస్తూ, ఇంత పొద్దున్నే టైలరు ఫోనేంటండీ అన్నారు. మాట్లాడి పెట్టేసి, ఆవిడకి జ్వరమట బాబూ, ఇవాళ అంట్లు మనమే తోముకోవాలి అన్నాను. టైలరుకీ మన అంట్లకీ ఏంటండీ సంబంధం అన్నారు ఆయన.

‘నేను పెద్ద ముక్క రాసుకున్నాను బాబూ’ అని చెప్పి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని సింకు దగ్గరికి వెళ్ళాను.