గెద్దలకి మాత్రమే కనిపించే ఓడ

మొన్న ఆదివారం మా ఆవిడ ఫ్రిజ్ అరలు తుడవడానికి గిన్నెలో వెనిగర్ పోసింది. ఆ పుల్లటి ఘాటు వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసరికి, పేపరు చదువుతున్నవాణ్ణి చదువుతున్నట్టే ఉండి, పాత పోస్టాఫీసు వెనక సందులోని ఒక ఫోటో స్టూడియో చీకటి గదిలోకి వెళ్లిపోయాను. ఫోటోలు కడిగే మందుల్లో ఒకటి అచ్చం ఇలాగే కంపుకొట్టేది. "ఏమిటలా నవ్వుకుంటున్నారు?" అంది ఆవిడ. ఎదురుగా ఉన్నది మంచినీళ్ల కొళాయిల వార్త. దానికి నవ్వానని చెప్పినా నమ్మదు.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. మా బడి వన్ టౌన్‌లో, పోర్టుకి ఎంత దగ్గరంటే, ఓడ కూత వేస్తే పాఠం ఆగేది, పాఠం ఆగినందుకు మేము ఆ ఓడకి మనసులో దండం పెట్టుకునేవాళ్లం. వేసవిలో తాటిముంజల బళ్లు, శ్రావణంలో ఏ వీధిలోకి తిరిగినా బూరెలు వేగుతున్న నూనె వాసన, రంజాన్ నెలలో పొద్దు వాలేసరికి మసీదు సందులో సమోసాలూ ఖర్జూరాలూ, కార్తీకం రాగానే గిరాకీ లేక రేవులో చేపలమ్మేవాళ్ల ముఖాలు వేలాడ్డం, ఇవీ మాకు తెలిసిన నెలలు. వీటన్నిటి మీదా ఏడాది పొడుగునా ఒకేలా కురిసేది మాత్రం పోర్టు ఎర్రదుమ్ము. వ్యాగన్లలో వచ్చిన ఇనుప ఖనిజాన్ని ఓడల్లోకి పోస్తున్నప్పుడు లేచి, పొద్దున తొడిగిన తెల్లచొక్కాని సాయంత్రానికి లేత గులాబీ రంగుకి తెచ్చేది. ఊరికి ఉక్కు కర్మాగారం వస్తుందని పెద్దవాళ్లు చాలా ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. అది వచ్చేలోగా మాకు అలవాటు కావాలని కాబోలు, ఇనుము ముందుగా మా చొక్కాల మీదికి వచ్చింది.

ఆ బడిలో డ్రిల్లు మాస్టారు సింహాచలం గారు. సన్నగా, నల్లగా, మెడలో ఈలతో, చెప్పులు తుడుచుకోవడం మాత్రం ఎన్నడూ మరిచిపోని మనిషి. ఏటా పంద్రాగస్టుకి ఆయన పిల్లలందర్నీ మైదానంలో ఒక బొమ్మ ఆకారంలో నిలబెట్టేవారు. ఒక ఏడాది తామరపువ్వు, ఒక ఏడాది దీపపు సెమ్మె, ఒక ఏడాది నెమలి. జూలై మొదట్లోనే గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి, చుక్కకో పిల్లవాడి నంబరు రాసి, నెల రోజులు సాధన చేయించేవారు. ఇబ్బంది ఒక్కటే. బడి మొత్తం ఒకే అంతస్తు, పెంకుల కప్పు. వేదిక మీంచి చూసేవాళ్లకి కనపడేది మొదటి వరుస మోకాళ్లు, రెండో వరుస తలకాయలు. నెమలి నిలబడిన ఏడాది ముఖ్య అతిథి గారు, "పిల్లలు క్రమశిక్షణగా నిలబడ్డారు" అని మెచ్చుకుని వెళ్లిపోయారు. తన బొమ్మ ఎలా వచ్చిందో సింహాచలం మాస్టారే ఒక్కసారీ చూసి ఎరగరు.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన ఓడ వేశారు. తొంభై మంది పిల్లలు. ముక్కు, చుక్కాని, పొగగొట్టం అన్నీ ఉన్నాయి. నాకు కుడి ఎడమల విషయంలో మొదట్నుంచీ కొంత విశాల దృక్పథం ఉండడం వల్ల, నన్ను పొగగొట్టంలోంచి వచ్చే పొగగా వేశారు. పొగ ఎటు పోయినా తప్పు లేదని ఆయన ఉద్దేశం.

ఆ జూలైలోనే కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు గారు మైదానం చివర నిలబడి సాధన చూశారు. ఆయన తగరపువలస వైపు నుంచి బదిలీ మీద వచ్చిన, నవ్వని మనిషి.

"ఏమిటండీ ఇది?"

"ఓడండీ."

"నాకు బస్సు కోసం నిలబడ్డ జనంలా ఉంది."

"పైనుంచి సూత్తే కనిపిత్తాదండి."

"పైనుంచి ఎవరు చూస్తారండీ, గెద్దలా?"

మాస్టారు ఈల వంక చూసుకున్నారు. హెడ్మాస్టరు గారు తీర్పు చెప్పేశారు. ఈ ఏడాదికి ఎలాగూ మొదలెట్టారు కాబట్టి కానివ్వండి; వచ్చే ఏటి నుంచి బొమ్మలు ఉండవు, ఆ డ్రిల్లు పీరియడ్లన్నీ లెక్కలకి ఇచ్చేస్తాను అన్నారు. మాస్టారు తలూపి, మమ్మల్ని వరుసలోకి రమ్మని ఈల వేశారు. ఆ ఈలలో గాలి ఎక్కువ, మోత తక్కువ. గురుభక్తితో మా రక్తం మరిగింది. ఆ మంట కింద లెక్కల పీరియడు అనే కట్టె కూడా ఉందని ఒప్పుకోక తప్పదు.

"ఒరే బావ, ఓడని పైనుంచి ఫోటో తీసి ఆ పెద్దాయన మొకం మీదెడదాం రా," అన్నాడు ఖాదర్. నా బెంచీ పక్కవాడు. వాళ్ల నాన్న మస్తాన్ గారు పోర్టులో కళాసీల మేస్త్రి. క్రేన్లు అందని చోట బరువులెత్తి దింపడం ఆయన పని.

పైనుంచి అంటే దేని పైనుంచి? పెంకుల మీద ఎక్కితే పెంకులు, ఆ తర్వాత వీపులు పగులుతాయి. గోడవార కొబ్బరిచెట్టు ఒకటుంది. ఖాదర్ గబగబా ఎక్కేశాడు గానీ, ఎక్కాక రెండు చేతులూ చెట్టుకే కావలసి వచ్చాయి. ఫోటో తీయడానికి మూడోది లేదు. అప్పుడు తట్టింది, కెమెరానే కర్ర చివర కట్టి పైకి పంపాలని.

కెమెరా మా నాన్నది. పోర్టులో గుమస్తాగా చేరిన కొత్తలో ఎవరో విదేశీ నావికుడి దగ్గర కొన్న డబ్బా కెమెరా. రీలుకి ఎనిమిది ఫోటోలు. మా ఇంట్లో ఒక రీలు మూడేళ్లు నడిచేది. అందులో ఐదోది మా అత్త పెళ్లి. అత్తకి అప్పటికే ఇద్దరు పిల్లలు, పెళ్లిఫోటో మాత్రం ఇంకా డబ్బాలోనే ఉంది. మిగిలిన మూడూ నేను తీసేస్తే రీలు కడిగించవచ్చు కదా అని నాన్నకి నివేదించాను.

"కిందడిపోతే ఏటి సేత్తావ్?"

"పడదు నాన్నా."

"పడితే దాని ఎనకే నువ్వూ పడిపో," అని బీరువా తాళం ఇచ్చారు.

పందిళ్లు వేసే ఆయన్ని బతిమాలి రెండు వెదుళ్లు తెచ్చుకుని, ముడేసి, కెమెరా బదులు ఇటుకముక్క కట్టి ఖాదర్ వాళ్ల పెరట్లో ఎత్తాం. వెదురు గాలపు కర్రలా వంగింది, ఊగింది, ఇటుక ఊడి కోళ్ల గూటి పక్కన పడింది. ఆ రోజు నుంచి ఆ కోళ్లు నన్ను చూస్తే దారి మార్చుకునేవి. చప్పుడుకి మస్తాన్ గారు టీ గ్లాసుతో బయటికొచ్చి, విషయమంతా విని, మమ్మల్ని తిట్టకుండా వెదురు మొదలు తట్టి చూశారు.

"కర్రని కర్ర నిలబెట్టదు రా బాబూ. తాళ్లు నిలబెడతాయి. మీరు కర్ర పట్టుకున్నారు, తాడు ఒగ్గేశారు."

ఆ తర్వాత రెండు వారాలు మాకు అసలైన చదువు జరిగింది. రెండు వెదుళ్లూ ఆరడుగుల మేర జతపడేలా పెట్టి తాడు చుట్టాక, ఆ చుట్టల్లోకి వెదురు చీలిక దిగగొడితే కట్టు రాయిలా బిగుస్తుందని చూపించారు. వెదురు మొదలు గోతిలో, నడుముకి కత్తెరలా కట్టిన రెండు కర్రల దన్ను, తలకి మూడు వైపులా మూడు తాళ్లు. నేల నుంచి నలభై అడుగులు. షట్టరు మీటకి గాలం దారం కట్టి కింద నుంచి లాగితే కెమెరాయే తల వంచేసేది. ఆయన దర్జీ దగ్గర్నుంచి ఖాళీ దారపు రీలు తెప్పించి, కెమెరా కూర్చున్న చెక్కకే కప్పీలా బిగించి, దారాన్ని దాని మీంచి వేశారు. ఇప్పుడు మీటొక్కటే కదిలింది. అంత ఎత్తున క్లిక్కుమన్నదీ లేనిదీ కింద వినపడదు కాబట్టి, మా చెల్లి పట్టీలోంచి ఒక మువ్వ ఊడదీసి మీటకి కట్టాను. మువ్వ మోగితే ఫోటో పడినట్టు. పట్టీ సంగతి చెల్లి ఇప్పటికీ మరిచిపోలేదు. ఇక కెమెరాని ఎంత వంచాలన్నది ఎవరికీ తెలియక, సిగ్గు విడిచి లెక్కల మాస్టారి దగ్గరికే వెళ్లాం. ఆయన త్రిభుజం గీసి నిమిషంలో చెప్పేశారు. ఆయన పీరియడ్లు ఎగ్గొట్టడానికే ఈ తపస్సని పాపం ఆయనకి తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మాట. కళాసీలకి ఎత్తమనడానికి "ఆబీస్", దించమనడానికి "అరియా". ఈ మాటలు ఏ దేశపు ఓడలోంచి మా రేవులో దిగిపోయాయో మస్తాన్ గారికీ తెలియదు. "మాటినగానే లాగడమే. ఎవుడన్నాడు, ఎందుకన్నాడు అని ఎనక్కి తిరిగి సూత్తే బరువు నెత్తి మీదుంటాది. ఇంకోటి, లేత్తున్న కర్రని మద్దెలో ఆపకూడదు," అని, మా తరగతిలో ఐదుగుర్ని, తాళ్లకి ముగ్గుర్ని, కత్తెరకి ఇద్దర్ని, ఆబీస్ అంటే నిద్రలో కూడా లాగేలా తయారుచేశారు. షేక్‌హ్యాండ్ ఇచ్చి, ఫోటో తీసే రోజు బెర్తులో ఓడ ఉంటుంది, నేను రాలేను, కేక ఖాదర్ వెయ్యాలి అని చెప్పారు.

పద్నాలుగో తేదీ పొద్దున చివరి సాధన. రాత్రి వాన పడి దుమ్మంతా అణిగింది. తొంభై మందీ ఉతికిన తెల్లబట్టల్లో ఓడగా నిలబడ్డారు. పొగలో నా చోట ఆరో తరగతి కుర్రాణ్ణి పెట్టారు. నాకన్నా బాగా నిలబడ్డాడని తర్వాత తెలిసింది. హెడ్మాస్టరు గారు బడుల ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి వెళ్లారు, మధ్యాహ్నం దాకా రారు.

"ఏట్రా ఇది?" అన్నారు సింహాచలం మాస్టారు వెదురుని చూసి. చెప్పాం. వెదురు పొడవునా ఒకసారి నడిచి వచ్చారు. "నిజంగా కనిపిత్తాదంటావా?" అని మాత్రం అడిగారు, ఆయనే పిల్లాడూ మేమే మాస్టార్లూ అయినట్టు.

మొదటిసారి వెదురు నిలబడుతుండగానే గాలికి దారం బిగిసి, మువ్వ దానంతట అది మోగింది. ఆకాశం ఫోటో. దించి, వెనక ఎర్రకిటికీలో ఏడో అంకె కనిపించేదాకా రీలు తిప్పి, మళ్లీ ఎత్తాం. ఈసారి తొంభై మందీ వెదురు చివరని చూస్తూ చేతులూపారు. ఓడ మొత్తం కదిలిపోయింది. మళ్లీ దించాం. ఎనిమిదో అంకె వచ్చింది. అదే ఆఖరిది. మాస్టారు ఓడ చుట్టూ పరిగెత్తి, "ఎవుడైనా తలెత్తాడో, సంపేత్తాను," అంటూ ఒక్కొక్కణ్ణీ సరిచేసి వచ్చారు. నా అరచేతిలో గాలం దారం తడిసిపోయింది. ఇది పోతే ఇంకో రీలు మా నాన్న బహుశా నా పెళ్లికి కొంటారు.

సరిగ్గా అప్పుడు మా వెనక గేటు చప్పుడైంది. అనుకున్నదానికన్నా రెండు గంటల ముందు హెడ్మాస్టరు గారు. నేల మీద నలభై అడుగుల వెదురు, తాళ్లు, గొయ్యి. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఏమిట్రా ఇది? ఎవరిచ్చారు అనుమతి? అందరూ నడవండి, ఆఫీస్!"

తాళ్ల దగ్గరున్న ముగ్గురూ వెదురు చివరనే చూస్తున్నారు. ఎవరన్నారని వెనక్కి తిరిగి చూడకూడదు కదా. వాళ్లకి వినపడింది ఆబీస్. లాగేశారు.

వెదురు లేచింది. మస్తాన్ గారు చూసి ఉంటే కళ్లనీళ్లు పెట్టుకునేవారు, అంత చక్కగా లేచింది. హెడ్మాస్టరు గారికి ఏం జరుగుతోందో అర్థం కాక ఇంకా గట్టిగా, "ఆఫీస్ అంటుంటే! ఆఫీస్!" అన్నారు. ఆయన ఎన్నిసార్లంటే అంత పైకి వెళ్లింది. తన జీవితంలో ఒక ఉత్తర్వు ఇంత వెంటనే అమలు కావడం ఆయన అదే మొదటిసారి చూసి ఉంటారు. ఖాదర్ కేక వెయ్యాల్సిన అవసరమే రాలేదు.

మాతో లాభం లేదనుకుని ఆయన మా ముందుకి, మైదానంలోకి పరిగెత్తి, ఓడ ముక్కుకి ఎదురుగా నిలబడి, చెయ్యి పైకెత్తి, "దించండి!" అని అరిచారు. ఓడ మాత్రం కదల్లేదు. సింహాచలం మాస్టారి మీది భయం అలాంటిది. నేను దారం లాగాను. మువ్వ మోగింది.

"అరియా," అన్నాడు ఖాదర్, చాలా మర్యాదగా.

శిక్ష సంగతి పెద్దగా చెప్పుకోదగ్గది కాదు. వారం రోజులు బెంచీ ఎక్కాం. అక్కడినుంచి కూడా కొంత పైనుంచి చూసే వీలుంది.

రీలు కడిగే సాయంత్రం స్టూడియో సాయిబు గారు నన్నూ ఖాదర్‌నీ సింహాచలం మాస్టార్నీ చీకటి గదిలోకి రానిచ్చారు. ఎర్రదీపం కింద పళ్లెంలో తెల్లకాగితం ఈదుతోంది. ముందు నేల నల్లబడడం మొదలెట్టింది. నలుపు నెమ్మదిగా నాలుగు వైపులా పాకి, ఒక చోట ఆగి, ఒక గీత చుట్టూ వంపు తిరిగి, నల్లబడనిదంతా తెల్లగా మిగిలిపోయింది. ముక్కు. చుక్కాని. గొట్టం. గొట్టంలోంచి కొంచెం ఎడమకి వాలిన పొగ. మాస్టారు పళ్లెం మీదికి వంగిపోయారు. ఎన్నో ఏళ్ల తామరలూ నెమళ్లూ సెమ్మెలూ అన్నీ కలిసి ఆ పళ్లెంలో తేలుతున్నట్టు చూశారు.

"సుక్కాని కాడ తొమ్మిదో నంబరోడు కాలు బయటెట్టాడు," అన్నారు.

మర్నాడు ఫోటో హెడ్మాస్టరు గారి బల్ల మీద పెట్టాం. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూశారు, తీసి చూశారు. ఓడ ముందు చెయ్యెత్తి నిలబడ్డ తెల్లపంచె ఆసామి, దించండి అని అరుస్తున్నట్టు ఎక్కడా లేదు. తన ఓడని సముద్రంలోకి పంపుతున్న కెప్టెన్‌లా ఉన్నాడు.

"ఓడే," అన్నారు హెడ్మాస్టరు గారు. తర్వాత ఇంకాసేపు చూసి, "వచ్చే ఏడు ఏం బొమ్మండీ?" అన్నారు.

ఫోటోకి ఫ్రేము ఆయనే కట్టించారు. మా అత్త పెళ్లిఫోటోలో పెళ్లికొడుక్కి తల రాలేదు. అది మా నాన్న కళ్లు పెట్టి గురి చూసి తీసినది.

కిందటి నెల ఏదో సర్టిఫికెట్టు పని మీద ఆ బడికి వెళ్లాను. ఇప్పుడక్కడ మూడంతస్తుల మేడ ఉంది. పైనుంచి చూడడానికి కావలసినంత ఎత్తు, చూడడానికి కింద మైదానం లేదు. డ్రిల్లు పీరియడ్లు లేవు. ఫోటో స్టూడియో ఉన్న సందులో మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. రేవులో క్రేన్లు వాటంతటవే లేస్తున్నాయి, ఎవరూ కేక వెయ్యక్కర్లేదు. సింహాచలం మాస్టారూ మస్తాన్ గారూ వెళ్లిపోయి చాలా కాలమైంది. ఖాదర్ మాత్రం ఉన్నాడు, బరువు పెరిగాడు.

ఆఫీసు గదిలో గోడకి, క్యాలెండరు పక్కన, ఓడ ఇంకా వేలాడుతోంది. కాస్త పసుపెక్కింది. నేను దాన్నే చూస్తుంటే అక్కడి కుర్ర గుమస్తా లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"చాలా పాతది సార్. అందరూ అడుగుతారు. నేవీవోళ్లు హెలికాప్టర్లో వచ్చి తీశారంట."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. పందిరి వెదుళ్లు రెండు, దర్జీ దారపు రీలు ఒకటి, చెల్లి మువ్వ ఒకటి, అన్నీ వరసగా నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ అవి తమ సొంత కష్టంతో హెలికాప్టరు హోదాకి వచ్చాయి. మధ్యలో అడ్డుపడడానికి నేనెవర్ని?

"అవునయ్యా, నేనూ అలాగే విన్నాను," అన్నాను.