ఆయన ఆపేసిన పేలుడు మందు

మా ల్యాబ్ పెద్దాయన పోయారని ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గ్రూపులో చూశాను. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేను ఫోను పక్కన పడేసి బియ్యం కడుక్కున్నాను. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదట. నాకుంది, దాచను.

గనుల్లో బండలు పగలగొట్టే పేలుడు మందు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో, ఆయన కింద తొమ్మిదేళ్ళు కాంట్రాక్టు మీద పనిచేశాను. ఆయన మెచ్చుకోగా విన్నవాళ్ళు లేరు. గ్లాసు చప్పుడయ్యేలా కింద పెడితే చాలు, తలెత్తి గుడ్లురిమేవారు. చేరిన రోజే పంచదార, పటికబెల్లం పక్కపక్కన పెట్టి నన్ను నమలమన్నారు.

"రెండూ చక్కెరేనమ్మా. పలుకు కట్టిన తీరు వేరు. మన మందూ అంతే. పలుకుని బట్టే ఊరుకుంటాదో, రాపిడి తగిల్తే పేలిపోతాదో."

నన్ను పర్మనెంటు చేసే ఫైలు కదిలిన నెలలోనే ఒక లాటు మందు త్వరగా పంపాలని ఆఫీసువాళ్ళన్నారు. నిదానంగా చల్లార్చాల్సినదాన్ని గబగబా చల్లార్చేశాను. స్వచ్ఛత పరీక్షలో సరిగ్గానే ఉంది, సంతకం పెట్టేశాను. ఆయన మైక్రోస్కోపు కింద చూశారు. గుండ్రటి పలుకులు ఉండాల్సిన చోట సూదుల్లాంటివి ఉన్నాయి, రాపిడికి పేలగల రకం. లాటంతా నాశనం చేయించారు. అంతటితో ఆగారా? రిపోర్టులో నా పేరెక్కించారు. తప్పు రాయండి సార్, పేరొద్దు అని బతిమాలాను.

"పేరు లేకపోతే ఆ తొందర ఎవులిదీ కాకుండా పోతాది. రేపు ఇంకొకలు అదే చేస్తారు," అన్నారు.

ఫైలు మూతపడింది. ఇప్పటికీ మా ఫ్యాక్టరీ ఉన్న జాముల్‌లో కాంట్రాక్టు మీదే బతుకుతున్నాను. ఆ మందు వాడనేలేదు కాబట్టి, అది ప్రాణం తీసేదో లేదో ఎప్పటికీ తేలదు. అదే నా మంట. చేతికున్న పని ఆయన నేర్పిందే, కాదనను. కానీ రిటైరయ్యాక రుఆబాంధా బజారులో ఎదురైతే బాగున్నావా అని కూడా అడగలేదు. పైగా ఆ రిపోర్టు మళ్ళీ రాయమన్నా అదే రాస్తానన్నారు.

సమాధి దగ్గర పాస్టరుగారు ఆయన్ని మృదుస్వభావి అన్నారు. ఒళ్ళు మండింది. ఒక పక్కన ఆరుగురు కొత్త మనుషులు నిలబడ్డారు. గనిలో మా మందుని రాతి కన్నాల్లో నింపేవాళ్ళట. ఆయన్ని ఎన్నడూ చూడలేదనీ, మందు పెట్టె మీద ఆయన సంతకం చూసుకునే చెయ్యి పెట్టేవాళ్ళమనీ వాళ్ళలో పెద్దవాడు హిందీలో చెప్పాడు.

వాళ్ళు ఒకరి తరవాత ఒకరు వంగి మట్టి వేశారు. నా కోపం అలాగే ఉంది. అయినా ఆ చేతుల మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. ఒక్కొక్కరివీ లెక్కపెట్టాను. ఆరుగురికీ పదేసి వేళ్ళున్నాయి.